దానమిచ్చిన పుస్తకాలకు రసీదు ఇప్పించండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసిన మా నాన్నగారు కాలం చేసేనాటికి రెండు బీరువాల పుస్తకాలు మిగిల్చి వెళ్లారు. ప్రతి పుస్తకానికీ పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, లోపలి పుటలో కొన్న ఊరు, తేదీ, వెల రాసుకోవడం ఆయన అలవాటు. ఒక బీరువాలోని పుస్తకాలను బస్తాలకెత్తి, ఆటోలో నగరంలోని ఒక గ్రంథాలయానికి తీసుకువెళ్తే, అక్కడివారు ఔననలేదు, కాదనలేదు, మెట్ల కింద పెట్టి వెళ్లమన్నారు. రసీదు అడిగితే అటువంటి పద్ధతేదీ లేదన్నారు. నాలుగు నెలల తరువాత వెళ్లి చూస్తే బస్తాల మూతులకు నేను కట్టిన పురికొస ముడులు అలాగే ఉన్నాయి, అడుగు బస్తాకు చెదలు పట్టింది. పోటీ పరీక్షల అభ్యర్థులకు కుర్చీలు సర్దడానికే సరిపోని అక్కడి ఇద్దరు ఉద్యోగులను నేను తప్పుపట్టను.

అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైనప్పుడు నిజాం కొలువులోని ఉన్నతాధికారి సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ సొంత పుస్తకాలే దానికి పెట్టుబడి. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి అది 1936లో గానీ చేరలేదు. 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతుల చొరవతో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమూ రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే ఆరంభమైంది. ఇచ్చేవారి చేతి మీదుగా పుట్టిన గ్రంథాలయాలున్న నగరంలో ఇవ్వవచ్చినవారికి ఒక కాగితం ముక్క దొరకకపోవడమే నా బాధ.

ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాము. ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న గొడవ పాతదే, దాన్ని ఇక్కడ ఎత్తను. నేను కోరే ఉత్తర్వుకు పెద్దగా ఖర్చు లేదు: పుస్తకాలు తెచ్చినవారు ఇచ్చే జాబితా సరిచూసి వారికి రసీదు ఇవ్వాలి, రెండు నెలల్లోగా ఏవి ఉంచుకుంటారో తేల్చి, వాటిని దాత పేరుతో సహా యాక్సెషన్ రిజిస్టరులో (గ్రంథాలయానికి చేరిన పుస్తకాలను వరుస సంఖ్యతో నమోదు చేసే పుస్తకంలో) ఎక్కించి, అక్కర్లేనివి తిరిగి తీసుకువెళ్లమని కబురు చేయాలి. అన్నీ ఉంచుకోమని అడగడం లేదు. నాన్నగారి బీరువాలో కాలం చెల్లిన గైడ్లూ ఉన్నాయి.

రెండో బీరువా ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆ ఉత్తర్వు వెలువడిన మరునాడే ఆటో పిలుస్తాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హైదరాబాద్