రాత్రి డ్యూటీలో ఎవరున్నారు?

సంపాదకులకు,

దారి తప్పుతున్న టీనేజీ పిల్లల్ని నెలల తరబడి ఉంచుకుని బాగుచేస్తామనే కేంద్రాలు అమెరికాలో చాలా ఉన్నాయి. బ్రోషర్‌లో కొండలు, గుర్రాలు ఉంటాయి. రాత్రి డ్యూటీలో ఎవరుంటారో ఉండదు. 2007లో అమెరికా కాంగ్రెస్‌కు చెందిన ఆడిట్ సంస్థ ఇలాంటి చోట్ల జరిగిన 10 మరణాలను పరిశీలించింది. శిక్షణ లేని సిబ్బంది కూడా ఒక పెద్ద లోపమని తేలింది. పిల్లలు నీరసంతో తూలిపోతుంటే నాటకమనుకున్నారట! 2024 డిసెంబరులో చట్టమైతే వచ్చింది, కానీ అది ప్రధానంగా అధ్యయనం కోసమే.

డ్రైవర్‌ని పెట్టుకోవాలన్నా లైసెన్సు అడుగుతాం కదా. సిబ్బంది చదువు, శిక్షణ, గత ఉద్యోగం ఎందుకు మానారన్నది తల్లిదండ్రులకు రాసివ్వాలి. పిల్లలు ఇంటికి ఫోన్ చేస్తున్నప్పుడు పక్కన ఎవరూ కూర్చోకూడదు.

– ఒక పాఠకుడు