ఏపీ (అడ్వాన్స్ పెరోల్) చేతికి వచ్చేలా చేసినవాళ్లకు

అమ్మకు బైపాస్ అయి ఇవాళ్టికి నలభై రోజులు. నిన్న వీడియో కాల్‌లో మేడ మెట్లు ఎక్కి చూపించింది, నేను వద్దంటున్నా వినకుండా. అది చూశాక గానీ ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు మనసు కుదరలేదు.

2020 అక్టోబరులో వీసా బులెటిన్ (గ్రీన్ కార్డు క్యూ ఎక్కడిదాకా వచ్చిందో నెలనెలా చెప్పేది) డేట్లు ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు ఐ-485, అంటే అమెరికాలో ఉంటూనే గ్రీన్ కార్డుకి పెట్టే దరఖాస్తు, వేసిన వాళ్లలో మేమూ ఉన్నాం. రెండేళ్లలో గ్రీన్ కార్డు వచ్చేస్తుందని అప్పట్లో సంబరపడ్డాం కూడా. హెచ్1బీ (ఉద్యోగ వీసా), హెచ్4 (వాళ్ల భార్య లేదా భర్తకి, పిల్లలకి ఇచ్చేది) ఉన్నవాళ్లు అదే స్టేటస్‌లో వెళ్లి తిరిగొస్తే ఐ-485కి ఏమీ కాదు కాబట్టి అడ్వాన్స్ పెరోల్ (ఏపీ: ఐ-485 పెండింగ్‌లో ఉండగా దేశం దాటి తిరిగి రావడానికిచ్చే అనుమతి కాగితం) సంగతి పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత మా ఆయన ఉద్యోగం పోయింది. కొత్త కంపెనీలో ఈఏడీ (ఐ-485 వేసినవాళ్లకిచ్చే వర్క్ పర్మిట్) మీద చేరారు. దాంతో ఆయన హెచ్1బీ, దాని వెనకే నా హెచ్4 పోయాయి. పాత ఏపీ గడువు దాటిపోయింది, కొత్తదాని కోసం వేసిన ఐ-131 నెలల తరబడి పెండింగ్‌లోనే ఉంది. సరిగ్గా అప్పుడు అమ్మను ఆసుపత్రిలో చేర్చారు. ఏపీ లేకుండా విమానం ఎక్కితే ఐ-485ని మనంతట మనమే వదిలేసుకున్నట్టు లెక్క.

"ఏపీ వస్తే గానీ రాలేను పిన్నీ" అని ఏడుస్తూ చెప్తే, "మనది తెలంగాణ కదే, ఏపీతో పనేంటి?" అంది పిన్ని. ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది.

లాయర్ ఆఫీసుకి మెయిల్ పెడితే రెండు పని దినాల్లో జవాబిస్తామని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది. రాత్రి పదకొండున్నరకి మా పక్క బిల్డింగ్‌లో ఉండే అన్నకి ఫోన్ చేశాను. అంతకుముందు ఆయనతో పార్కింగ్‌లో నమస్కారం తప్ప మాటల్లేవు. పావుగంటలో నీలం రంగు ఫైలొకటి పట్టుకుని మా ఇంటికి వచ్చారు. 2021 సెకండ్ వేవ్‌లో వాళ్ల నాన్నగారి కోసం ఆయన ఇదే ఎమర్జెన్సీ ఏపీ (అత్యవసరమైతే ఆఫీసుకి స్వయంగా వెళ్లి తీసుకునేది) కోసం తిరిగారట. అప్పుడు టైముకి అందలేదు. ఆ మాట ఒక్కసారే చెప్పి, ఫైలు తెరిచారు.

పొద్దున్నే యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) కాంటాక్ట్ సెంటర్‌కి కాల్ చేయాలి, అవతల మాట్లాడే మెషిన్‌కి "ఇన్ఫోపాస్" (ఆఫీసులో అపాయింట్‌మెంట్‌కి వాడే పేరు) అనే మాట తప్ప ఇంకేం చెప్పొద్దు, ఆఫీసర్ ఎప్పుడు తిరిగి ఫోన్ చేస్తారో తెలియదు కాబట్టి బాత్రూమ్‌కి వెళ్లినా ఫోన్ వెంట ఉండాలి... ఇవన్నీ ఆయన చెప్పినవే. నిజంగానే నేను తల తుడుచుకుంటుండగా ఆ కాల్ వచ్చింది. రెండు రోజుల తర్వాతి ఉదయానికి ఫీల్డ్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరికింది.

అసలు చిక్కు డాక్టర్ లెటర్ దగ్గర వచ్చింది. మా అన్నయ్య పంపిన మొదటి ఫొటోలో మందుల చీటీ మీద "పేషెంట్ సీరియస్" అని రెండు ముక్కలు, కింద కోడిగీతల సంతకం. తేదీ కూడా లేదు. పక్క బిల్డింగ్ అన్న అది చూసి, ఇది పనికిరాదన్నారు. లెటర్‌హెడ్, తేదీ, ఏ ఆపరేషన్ ఎప్పుడు చేస్తారో, డాక్టర్ ఫోన్ నంబరు, అన్నీ ఉండాలట. పాపం మా అన్నయ్య మళ్లీ వెళ్లి, ఓపీ అయ్యేదాకా గుమ్మం దగ్గరే నిలబడి కొత్త లెటర్ రాయించాడు. నేను అక్కడ ఉన్నా అంత ఓపిక పట్టేదాన్ని కాదు.

ఆ లెటర్‌లో అమ్మ ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంది. నా బర్త్ సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంది. ఇద్దరూ ఒకరేనని వాళ్లకెలా చూపించాలి? కాలేజీలో నా సీనియర్ అక్క ఫోన్‌లోనే, "అమ్మ పాస్‌పోర్ట్ మొదటి పేజీ, నీ పాస్‌పోర్ట్ చివరి పేజీ పక్కపక్కన పెట్టి జెరాక్స్ తీయి" అంది. మన పాస్‌పోర్ట్ చివరి పేజీలో తల్లిదండ్రుల పేర్లుంటాయని నాకు గుర్తే లేదు. కౌంటర్‌లో ఆఫీసరమ్మ మిగతా కాగితాలు తిరగేసి, వేలు పెట్టి చూసింది ఆ జెరాక్స్ మీదే. మధ్యాహ్నానికి నా ఫొటో ఉన్న ఐ-512ఎల్, అదే ఏపీ కాగితం, చేతిలో పెట్టి, "మీ అమ్మగారు బాగుండాలి" అంది. ఆవిడ పేరు అడగాలన్న ధ్యాస కూడా లేదు నాకు.

టికెట్ విషయంలోనూ అక్కే కాపాడింది. చవగ్గా ఉందని మా ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా బుక్ చేయబోయారు. నా అమెరికా వీసా గడువు అయిపోయింది, ఉన్నది ఏపీ కాగితమే. ఆ పరిస్థితిలో అప్పటి రూల్స్ ప్రకారం అక్కడ విమానం మారడానికి కూడా నాకు ట్రాన్సిట్ వీసా కావాలి. దోహా మీదుగా వెళ్లాను. తిరుగు ప్రయాణంలో చెకిన్ కౌంటర్ అబ్బాయి వీసా కోసం పాస్‌పోర్ట్ అటూ ఇటూ మూడుసార్లు తిప్పాడు. ఏపీ కాగితం ఇస్తే సూపర్‌వైజర్ దగ్గరికి తీసుకెళ్లాడు. దిగాక ఇమిగ్రేషన్ వాళ్లు మరోసారి కాగితాలు చూసే సెకండరీ రూమ్‌లో గంటన్నర కూర్చోబెట్టారు. అక్కడ అందరికీ అంతేనని ముందే చెప్పి ఉంచారు కాబట్టి టెన్షన్ పడలేదు. పడలేదంటే అబద్ధం, తక్కువ పడ్డాను. చివరికి పెరోల్ అని స్టాంపు వేసి పంపారు.

ఆపరేషన్‌కి ముందు రోజు రాత్రి అమ్మ పక్కన ఉన్నాను. "నువ్వొచ్చావుగా, ఇంక నిద్రపోతా" అని నా చెయ్యి పట్టుకునే పడుకుంది.

అన్నా, అక్కా, అన్నయ్యా, మీ ముగ్గురికీ విడివిడిగా థాంక్స్ చెప్పబోతే ముగ్గురూ ఒకేలా మాట మార్చారు. అందుకే ఇలా అందరి ముందూ చెప్తున్నాను. అన్నా, మీ నీలం ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. మీ ఆఫీసులో ఎవరికో ఇదే అవసరం వచ్చిందన్నారు కదా, వాళ్ల అడ్రస్ పంపండి. నేనే వెళ్లి ఇచ్చొస్తాను, పాస్‌పోర్ట్ చివరి పేజీ సంగతి కూడా చెప్పొస్తాను.