మా పొడి డబ్బా మీద ‘యాంటీ రేడియేషన్’ స్టిక్కర్ ఎందుకు వేయలేదంటే

అందరికీ నమస్కారం. ఈ మధ్య వాట్సాప్‌లో చాలామంది ఒకటే అడుగుతున్నారు, మా అమ్మాయి కడుపుతో ఉందండీ, పొద్దస్తమానం ఫోన్, లాప్‌టాప్, ఆ రేడియేషన్ తగలకుండా పసుపు, గ్రీన్ టీ కలిపి ఏదైనా పొడి చేసిస్తారా అని. డబ్బాలు సప్లై చేసే ఆయన అయితే ‘యాంటీ రేడియేషన్’ అని పచ్చ స్టిక్కర్ శాంపిల్ తెచ్చి మన మునగాకు పొడి డబ్బాకి అతికించి మరీ చూపించారు, రేటు డబుల్ పెట్టుకోవచ్చమ్మా అని. వద్దని చెప్పేశాను.

ఎలుకల మీద ప్రయోగాలు నిజంగానే జరిగాయి. ఎలుకల్ని మొబైల్ తరంగాల్లో ఉంచి మెలటోనిన్ (నిద్రకి సంబంధించిన హార్మోన్), విటమిన్ ఇ, పసుపులో ఉండే కర్‌క్యుమిన్ లాంటివి ఇస్తే కణాలకి జరిగే నష్టం కాస్త తగ్గినట్టు కొన్నిట్లో కనిపించింది, కానీ ఆ డోసులు వేరు, మనం కూరలో వేసే చిటికెడు పసుపు వేరు, పైగా గర్భిణుల్లో అది పనిచేస్తుందని ఎవరూ తేల్చలేదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఈ తరంగాల్ని 2బి గ్రూపులో పెట్టింది, అంటే అనుమానం ఉందని, రుజువైందని కాదు. ఆ అనుమానం చూపించి కడుపుతో ఉన్నవాళ్ల భయాన్ని అమ్ముకోవడానికి నాకు మనసొప్పదు.

అసలు బెంగ పెట్టుకోవాల్సింది రక్తహీనత గురించి. 2019-21 జాతీయ సర్వేలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. గ్రీన్ టీ అయినా మామూలు టీ అయినా భోజనంతో పాటు తాగితే తిండిలో ఐరన్ సరిగా ఒంటపట్టదు, మరి రేడియేషన్ భయంతో కప్పులు కప్పులు తాగితే ఉన్నదీ పోతుంది కదండీ. విటమిన్ సి, ఇ మాత్రలు కూడా కాన్పు బాగా జరుగుతుందని అందరికీ ఇవ్వక్కర్లేదని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. కర్‌క్యుమిన్ క్యాప్సూల్స్ డాక్టర్‌ని అడక్కుండా అస్సలు వద్దు.

ఫోన్ సంగతంటారా, ఒంటికి ఎంత దూరం ఉంటే అంత తక్కువ తగులుతుంది. దిండు కింద పెట్టుకోకండి, స్పీకర్ ఆన్ చేసి మాట్లాడండి, సిగ్నల్ సరిగా లేనిచోట ఫోన్ ఇంకా ఎక్కువ తరంగాలు వదులుతుంది కాబట్టి అక్కడ గంటలు గంటలు వద్దు.

మన మునగాకు పొడి ఎప్పటిలాగే నీడన ఆరిన ఆకు, మినప్పప్పు, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి, వేడన్నంలో నెయ్యేసుకుని మొదటి ముద్దకి. తినండి, కానీ డాక్టరిచ్చిన ఐరన్ మాత్ర మాత్రం మానొద్దు. రేటు పాతదే. గుండెల్లో మంట అని చెప్పినవాళ్ల కోసం కారం బాగా తగ్గించి ఒక బ్యాచ్ విడిగా కొడుతున్నాం, కావాలంటే ఆర్డర్‌లో ‘కారం తక్కువ’ అని రాయండి, శుక్రవారం లోపు చెప్తే శనివారం పంపిస్తాం.