ఏసీ, హీట్ పంప్ క్రెడిట్: 2025లో బిగించినవారు వదులుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో సొంతింట్లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న మాట, "ఏసీ మార్పిస్తే ఇచ్చే 30 శాతం ఫెడరల్ పన్ను క్రెడిట్ తీసేశారట కదా" అని. తీసేసిన మాట నిజమే. అయితే 2025 డిసెంబరు 31 లోపు బిగించి, వాడకంలోకి వచ్చిన వాటికి అది చెల్లుతుంది. తీసేశారన్న వార్త ఒక్కటే విని ఈ క్రెడిట్ అడగడానికి రిటర్న్‌తో పెట్టే ఫారం 5695 జోలికే పోకపోతే, హీట్ పంప్ (ఎండాకాలం చల్లదనం, చలికాలం వేడి ఇచ్చే యంత్రం) పెట్టించుకున్న కుటుంబం 2,000 డాలర్ల దాకా పోగొట్టుకుంటుంది. అందుకే ఈ ఉత్తరం.

2022 ఆగస్టు నాటి ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం ఈ క్రెడిట్‌ను (పన్ను చట్టంలో సెక్షన్ 25సి) 2032 చివరి దాకా ఇస్తామంది. పరిమితి ఏటా కొత్తగా మొదలయ్యేది. దాంతో ఒక ఏడాది అటకలో ఇన్సులేషన్, మరో ఏడాది హీట్ పంప్, ఆపైన కిటికీలు అని చాలా ఇళ్లు వంతులవారీగా లెక్క వేసుకున్నాయి. 2025 జులై 4న సంతకమైన చట్టం దాన్ని ఏడేళ్లు ముందుగానే ఆపేసింది. ప్రభుత్వం రాసిచ్చిన గడువును నమ్మి, అప్పు చేయకుండా నిదానంగా చేయించుకుందామనుకున్నవారే దీనివల్ల ఎక్కువ నష్టపోయారు. ఇది అన్యాయమని మా అభిప్రాయం.

ఇక లెక్క. హీట్ పంప్‌కు సామాను, కూలీ కలిపిన ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్లు. దీనికి విడిగా 1,200 డాలర్ల పరిమితి మరొకటి ఉంది. సెంట్రల్ ఏసీ, గ్యాస్ ఫర్నేస్ ఒక్కోదానికి 600, కిటికీలన్నిటికీ కలిపి 600, ఎనర్జీ ఆడిట్‌కు (ఇంట్లో కరెంటు, గ్యాస్ ఎక్కడ వృథా అవుతున్నాయో చూసే తనిఖీకి) 150 దాని కిందికే వస్తాయి. ఉదాహరణకు హీట్ పంప్ బిల్లు 12,000 డాలర్లు అయ్యి, కరెంటు కంపెనీ 1,000 రిబేటు ఇచ్చిందనుకోండి. ముందు ఆ రిబేటు తీసేసి 11,000 మీద లెక్క కట్టాలి. 30 శాతం 3,300 అవుతుంది, క్రెడిట్‌గా వచ్చేది 2,000. ఇన్సులేషన్, కిటికీల విషయంలో కూలీని లెక్కలోకి తీసుకోరు, సామాను ఖరీదే తీసుకుంటారు. కాంట్రాక్టర్ రెండూ కలిపి ఒకే అంకె వేసిస్తే, విడదీసిన ఇన్‌వాయిస్ అడిగి తీసుకోండి.

ఎక్కువగా దెబ్బతినేది రేటింగ్ దగ్గర. "హై ఎఫిషియెన్సీ" అని స్టిక్కర్ ఉన్నంత మాత్రాన క్రెడిట్ రాదు. టెక్సస్ లాంటి దక్షిణాది రాష్ట్రాల్లో మామూలు ఇంటి ఏసీని అమ్మడానికి ఉండాల్సిన కనీస సీర్2 (సీజన్ మొత్తం మీద ఏసీ కరెంటు పొదుపును చెప్పే రేటింగ్) 14.3. అదే 2025లో సెంట్రల్ స్ప్లిట్ ఏసీకి క్రెడిట్ రావాలంటే సీర్2 17.0, ఈఈఆర్2 (బాగా ఎండగా ఉన్నప్పటి పొదుపు రేటింగ్) 12.0 రెండూ ఉండాలి. గ్యాస్ ఫర్నేస్‌కు ఏఎఫ్‌యూఈ 97 శాతం కావాలి (గ్యాస్‌లో ఎంత శాతం ఇంటికి వేడిగా అందుతుందో చెప్పే రేటింగ్ ఇది). మార్కెట్లో విరివిగా దొరికే 96 శాతం ఫర్నేస్ ఒక్క అంకె తేడాతో తప్పిపోతుంది. పైగా ఈ రేటింగ్ బయటి యూనిట్ ఒక్కదానిది కాదు, లోపలి కాయిల్‌తో కలిపి వచ్చేది. బయట కండెన్సర్ మాత్రమే మార్చి పాత కాయిల్ ఉంచేస్తే ఆ జతకు ఏహెచ్‌ఆర్‌ఐ సర్టిఫికెట్ (ఏసీ తయారీదారుల సంఘం ఇచ్చే రేటింగ్ ధ్రువపత్రం) సాధారణంగా ఉండదు, క్రెడిట్‌కు ఆధారమూ ఉండదు. రెండు మోడల్ నంబర్లూ ఉన్న ఆ సర్టిఫికెట్ ఇన్‌వాయిస్‌తో పాటు దాచుకోవాలి.

2025కు కొత్తగా వచ్చిన నిబంధన ఇంకొకటి ఉంది. హీట్ పంప్, ఏసీ, కిటికీల వంటివాటికి తయారీదారు నాలుగు అక్షరాంకెల కోడ్‌ను ఫారంలో రాయాలి. సాధారణంగా అది కంపెనీ వెబ్‌సైటులో దొరుకుతుంది. దొరక్కపోతే ఇన్‌స్టాలర్‌ని అడగండి, ఖాళీగా మాత్రం వదలొద్దు. ఇన్సులేషన్‌కు ఈ కోడ్ అవసరం లేదు.

మనవాళ్ల ఇళ్ల విషయంలో మరో మూడు సంగతులు. బిల్డర్ కట్టి ఇచ్చిన కొత్త ఇంటితో వచ్చిన ఏసీకి ఇది వర్తించదు. మీరు ఉండకుండా పూర్తిగా అద్దెకిచ్చిన రెండో ఇంటికీ వర్తించదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు తమకు రాదేమోనని జంకుతుంటారు. పన్ను లెక్కలో రెసిడెంటుగా రిటర్న్ వేస్తూ, సొంతింట్లో ఉంటుంటే వీసా దీనికి అడ్డం కాదు. అయితే ఇది మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గేదే తప్ప రీఫండుగా చేతికిచ్చేది కాదు. పన్ను తక్కువ ఉన్న ఏడాది మిగిలిపోయిన మొత్తం వచ్చే ఏడాదికి బదిలీ కాదు.

2025 రిటర్న్ గడువు 2026 ఏప్రిల్ 15. వేసేసినవారు 1040-ఎక్స్‌తో సవరించుకోవచ్చు. 2023లో పెట్టించుకుని అడగడం మరిచినవారికి కూడా, రిటర్న్ గడువులోపే వేసి ఉంటే, 2027 ఏప్రిల్ 15 దాకా సవరణకు అవకాశం ఉంది. ఆనాటి పరికరానికి ఆనాటి రేటింగ్ నిబంధనలే చూడాలి.

డబ్బు 2025లో కట్టినా పని 2026లో పూర్తయితే క్రెడిట్ రాదు. ఇంటి కప్పు మీది సోలార్‌కూ ఇంతే: డిపాజిట్ తేదీని చూడరు, బిగింపు పూర్తయిన తేదీనే చూస్తారు. ఇప్పుడు సంతకం పెట్టే కొటేషన్‌లో ఎవరైనా "ఫెడరల్ క్రెడిట్ 30 శాతం" అని తగ్గించి చూపిస్తే, ఆ అంకె కొట్టేసి అసలు ధర మీదే బేరమాడండి.

ఇకమీదట చూడాల్సినవి రాష్ట్రాల, కరెంటు కంపెనీల రిబేట్లు. 2022 చట్టంలోనే ఉన్న హీట్ పంప్ రిబేటు గరిష్ఠంగా 8,000 డాలర్లు. నార్త్ కరోలినా, జార్జియా వంటి రాష్ట్రాలు దాన్ని ఇవ్వడం మొదలుపెట్టాయి. కుటుంబ ఆదాయం ఆ ప్రాంత మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపుంటే పరిమితి మేరకు పూర్తి ఖర్చు, 80 నుంచి 150 శాతం మధ్య ఉంటే సగం ఇస్తారు. ముందు దరఖాస్తు, ఆమోదం, ఆ తర్వాతే పని. బిగించేశాక బిల్లు పట్టుకెళితే ఇవ్వరు. నిధులు ఎంత మిగిలాయో రాష్ట్రం వెబ్‌సైటులో చూసుకున్నాకే కాంట్రాక్టర్‌కు అడ్వాన్స్ ఇవ్వండి.

ఇట్లు,
ఇళ్ల ఎనర్జీ ఆడిట్లు చేసే తెలుగువారు,
డాలస్, టెక్సస్