మా తమ్ముడికి అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

బ్రహ్మోత్సవాలకని తిరుపతి వచ్చిన మా తమ్ముడు క్షేమంగా అమెరికా చేరి ఉద్యోగం చేసుకుంటున్నాడు, రాత్రిళ్లు నిద్ర కూడా పోతున్నాడు. అదంతా కొందరి చలవ. వాళ్లకు అందరి ముందూ దండం పెట్టాలని రాస్తున్నాను.

2025 సెప్టెంబరు 20 తెల్లవారేసరికి హెచ్-1బి వీసాకు లక్ష డాలర్ల రుసుమన్న వార్త వచ్చింది. ఆ గడువు దాటాక వచ్చేవాళ్లకు ఆ రుసుము పడుతుందన్న భయంతో, మన సమయం ప్రకారం మర్నాటి ఉదయం తొమ్మిదిన్నరలోపు అమెరికాలో ఉండాలని కంపెనీ సందేశం పంపింది. వాడికి పోలియో. చిన్నప్పుడు తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేస్తే క్యాలిపర్లతో, అంటే కాళ్లకు ఊతగా కట్టుకునే పట్టీలతో, నడక వచ్చింది. విమానం ఎక్కాలంటే చక్రాల కుర్చీ కావాలని ముందే చెప్పుకోవాలి. తోటివాళ్లంతా విమానాశ్రయాలకు పరుగులు తీస్తుంటే, వీడు మంచం అంచున కూర్చుని క్యాలిపర్ పట్టీ బిగిస్తాడు, విప్పుతాడు, మళ్లీ బిగిస్తాడు. చూడలేకపోయాను.

ఎదురింటి అన్న చెన్నైకి బయల్దేరదామని కారుతో రాత్రంతా మా గుమ్మం ముందే ఉన్నాడు. న్యూజెర్సీలో న్యాయవాదిగా ఉన్న మన చిత్తూరు ఆడపడుచు, వైట్‌హౌస్ వివరణ రాగానే ఫోను చేసింది. "ఇది కొత్త దరఖాస్తులకే తమ్ముడూ, నీకు వర్తించదు. నిదానంగా రా" అంది.

వెళ్లాక అసలు కష్టం మొదలైంది. నిద్ర లేదు, తిండి లేదు. మానసిక వైద్యానికి వెళ్తే ఆ సంగతి ఎక్కడో నమోదై, ప్రభుత్వానికి భారమవుతాడంటూ గ్రీన్‌కార్డు ఆపేస్తారని భయం. ఈ 'పబ్లిక్ చార్జ్' నిబంధనను 2019లో కఠినం చేశారు, 2021లో దాన్ని తీసేశారు. పాలకులు మారినప్పుడల్లా తన కాళ్లే తన నేరమన్నట్టు వాడు కుమిలిపోవాలా? ఎంత అన్యాయం! వైకల్యం ఒక్కటే కారణంగా ఆ ముద్ర వేయకూడదని 2022 నిబంధనలో ఉందనీ, ఉద్యోగ బీమాతో చేయించుకునే చికిత్స ప్రభుత్వ సాయం కాదనీ ఆ అక్కే ఓపికగా చెప్పి కౌన్సెలర్ దగ్గరికి పంపింది. అక్కడ వాడు కష్టమంతా తెలుగులోనే చెప్పుకోగలిగాడు. వార్తలు రోజుకొక్కసారే, అదీ పగటిపూటే చూడమని ఆ కౌన్సెలర్ పెట్టిన నియమం బాగా పనిచేసింది.

ఇక్కడ అమ్మ బెంగతో మంచం పట్టబోతే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోను చేశాం. తెలుగులోనే మాట్లాడారు, డబ్బేమీ తీసుకోరు. ఆ రాత్రి ఫోనెత్తిన అమ్మాయికి కూడా నమస్కారం.

పేర్లు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు. అక్కా, ఈసారి చిత్తూరు వస్తే మా ఇంట్లో భోజనం చేయకుండా వెళ్లడానికి వీల్లేదు.