మంత్రి గారూ, మా దీవికి ఒక ఉపాధి అధికారిని పంపండి

మాల్దీవుల ప్రభుత్వంలో ఉపాధి వ్యవహారాలు చూసే మంత్రి గారికి,

నమస్కారాలు. ఇదే లేఖను ఇంగ్లీషులో మీ కార్యాలయానికి పంపాను. మీ దీవుల్లో పాఠాలు చెబుతున్న తెలుగు ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. వాళ్లూ చదవాలని తెలుగులోనూ రాస్తున్నాను. నేను చెప్పబోయేది వాళ్లందరూ రోజూ చూస్తున్నదే.

ఉత్తరాన ఒక చిన్న దీవిలో తొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే పావుగంట. మీవాళ్లు పడవను ‘ధోని’ అనగానే మా గోదావరి దోనె గుర్తుకొచ్చి, వచ్చిన మొదటి రోజే ఈ ఊరు నాకు దగ్గరైపోయింది. సాయంత్రమైతే జెట్టీ పక్కన జోలీలు, అంటే ఇనుప చట్రానికి తాళ్లు అల్లిన ఆ కుర్చీలు, నా పాత విద్యార్థులతో నిండిపోతాయి. వాళ్లకు ఎదురుగా, నీళ్లకు ఆవల, రిసార్టు దీపాలు వెలుగుతుంటాయి. పడవలో ఇరవై నిమిషాల దూరం. అక్కడ గదులు సర్దేవాళ్లు, వంటవాళ్లు, తోటమాలులు ఎక్కువగా బంగ్లాదేశ్ నుంచి, శ్రీలంక నుంచి, మా దేశం నుంచి వచ్చినవాళ్లు. నేనూ అలా వచ్చినదాన్నే కాబట్టి వాళ్లను పంపించేయమని అడగను. జోలీల్లో కూర్చున్న పిల్లల గురించి మాత్రం అడగకుండా ఉండలేను.

కిందటి ఏడాది ఒక అబ్బాయి ఫోనులో దరఖాస్తు నింపుతూ నన్ను పిలిచాడు. “మిస్, ఇక్కడ ఏమి రాయాలి?” ఆ గడిలో రెండేళ్ల అనుభవం అడుగుతున్నారు. వాడికి పద్దెనిమిదేళ్లు. పన్నెండో ఏట నుంచి తండ్రి పడవ ఇంజను విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తున్నాడు. దీవిలో ఎవరి మోటారు మొరాయించినా ముందు వాడికే కబురు వస్తుంది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఫారంలో చోటు లేదు. కాసేపు ఆలోచించి ‘లేదు’ అని రాశాడు. జవాబు రాలేదు. రెండు నెలల తర్వాత సరుకుల పడవ సరంగు చెప్పాడు, ఎదుటి రిసార్టులో ఇంజన్ల పనికి మనిషి దొరకక ఏజెంటు ద్వారా విదేశం నుంచి రప్పిస్తున్నారని.

మంత్రి గారూ, ఆ పని వాడికి వచ్చని నాకు తెలుసు, సరంగుకు తెలుసు, దీవి అంతటికీ తెలుసు. మనిషి కావలసినవాళ్ల చెవిన వేసే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు.

ఉద్యోగాల కోసం మీ ప్రభుత్వం పెట్టిన జాబ్ సెంటర్ పోర్టల్ ఉంది కదా అని మీరు అనవచ్చు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. 2020 మార్చి చివర పర్యాటకుల రాక ఆగిపోయి రిసార్టులు మూతపడినప్పుడు, ఉద్యోగం పోయినవాళ్లు నెలకు 5,000 రుఫియా సాయానికి దరఖాస్తు పెట్టుకున్నది దాని ద్వారానే. మా దీవిలో కొన్ని ఇళ్లు ఆ డబ్బుతోనే గడిచాయి. కానీ సాయం అందించడం వేరు, పనికి మనిషిని కుదర్చడం వేరు. రెండోదానికి ఇటు పిల్లవాడినీ అటు యజమానినీ ఎరిగిన మనిషి కావాలి.

మా దేశం అనుభవం ఒకటి చెబుతాను. 1959లో ఒక చట్టం చేసుకున్నాం. 25 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి తెలియజేయాల్సి ఉండేది. అయితే అక్కడి పేర్లలో నుంచే తీసుకోవాలన్న నిర్బంధం ఆ చట్టంలో ఉండేది కాదు. మా నాన్నగారు అక్కడ పేరు రాయించుకున్న కార్డును ఏళ్ల తరబడి రెన్యువల్ చేయించుకున్నారు. జిల్లా కేంద్రానికి బస్సులో వెళ్లి, వరుసలో నిలబడి, ముద్ర వేయించుకుని తిరిగి వచ్చేవారు. పిలుపు కాగితం ఏనాడూ రాలేదు. ఆయన పోయాక ఆ కార్డు ట్రంకు పెట్టెలో, పట్టాదారు పుస్తకం పక్కన దొరికింది. పేర్లు రాసుకుని ఊరుకునే కార్యాలయం ఎలా ఉంటుందో నాకు అలా తెలుసు. మీ పోర్టల్ ఆ కార్డులా మిగిలిపోకూడదని నా ఆరాటం.

దాదాపు 190 నివాస దీవులున్న దేశం మీది. జనాభాలో సుమారు 40 శాతం రాజధాని మాలే ప్రాంతంలోనే ఉన్నారు. ఇంటర్వ్యూలూ అక్కడే. మా పిల్ల అక్కడికి వెళ్లాలంటే ప్రయాణం ఖర్చు, బంధువుల ఇరుకు గదిలో నాలుగు రోజుల మకాం. అంతా అయ్యాక దొరికే పని తన దీవికి ఎదుటి రిసార్టులోనే కావచ్చు. ఉపాధి సేవలపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1948లో చేసిన 88వ ఒప్పందం సేవ ఉచితంగా ఉండాలనీ, దేశంలోని ప్రతి ప్రాంతానికీ సరిపడా స్థానిక కార్యాలయాలు అందుబాటులో ఉండాలనీ చెబుతుంది. ఆ సంస్థలో మీరు 2009లో చేరారు. మీలాంటి దీవుల దేశమే అయిన ఫిజీ అదే ఏడాది చట్టం చేసి జాతీయ ఉపాధి కేంద్రాన్ని పెట్టుకుంది. విదేశీ ఉద్యోగాల కోసం అందులో ప్రత్యేక విభాగమే ఉంది. సముద్రం దాటి ఇంకో దేశానికి మనుషులను కుదర్చడం ప్రభుత్వం పని కాగలిగితే, ఒక అటోల్‌లో, అంటే ఒకే దీవుల గుంపులో, పక్క దీవికి కుదర్చడం కాకుండా పోతుందా?

నేను అడిగేది అటోల్‌కు ఒక ఉపాధి అధికారిని. కుర్చీకి అతుక్కునే మనిషి వద్దు. వారంలో సగం రోజులు పడవ మీద ఉండాలి. పదో తరగతి పరీక్షలకు ముందే బడికి వచ్చి, ఎవరికి ఏ పని వచ్చో ఉపాధ్యాయులను అడగాలి. రిసార్టు మేనేజర్లను కలిసి, రెండేళ్ల అనుభవం బదులు మూడు నెలల శిక్షణ సరిపోయే పనులేవో తేల్చాలి. దీవుల్లోని గెస్ట్‌హౌస్‌లు ప్రకటనలు ఇవ్వవు, తెలిసినవాళ్లనే పెట్టుకుంటాయి. వాటి గుమ్మమూ తొక్కాలి. బయటి నుంచి కార్మికులు అవసరమైన చోట కూడా ఈ వ్యవస్థే వాళ్లను కుదిర్చితే, ఏజెంటుకు అప్పు చేసి కట్టి వచ్చే బంగ్లాదేశ్ కుర్రాడికి ఆ భారం తప్పుతుంది. వాడి కష్టమూ నాకు తెలుసు. బడి గోడ కట్టింది వాడే.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. లెక్కల్లో, అకౌంట్స్‌లో నా బడిలో ముందుండేది వాళ్లే. రిసార్టు సిబ్బంది గదుల్లో నెలల తరబడి ఉండాలంటే తల్లులు ఒప్పుకోరు. ఒక తల్లి నాతో, “రాత్రికి ఇంటికి వస్తుందంటే రేపే పంపిస్తాను” అంది. 2022లో ఉత్తర అటోల్‌లలో వేగపు ఫెర్రీలు మొదలయ్యాయి. వాటి వేళలను షిఫ్టుల వేళలతో కలపగలిగితే ఆ తల్లి అడ్డు చెప్పదు. ఫెర్రీలు చూసే శాఖనూ రిసార్టులు చూసే శాఖనూ ఒక బల్ల ముందు కూర్చోబెట్టడం మీ చేతిలో పని.

ఈసారి మా పదో తరగతిలో పంతొమ్మిది మంది ఉన్నారు. ఒక్కొక్కరికీ ఏ పని వచ్చో, ఏది ఇష్టమో, ఇంట్లో ఏ అడ్డంకి ఉందో నోటుపుస్తకంలో రాసిపెట్టాను. పడవ ఇంజన్ల కుర్రాడి వివరాలు మొదటి పేజీలో ఉన్నాయి. మీ అధికారి ఏ పడవలో వస్తారో కబురు చేయండి, జెట్టీ దగ్గరికి నేనే వచ్చి ఆ పుస్తకం చేతికిస్తాను.

ఇట్లు,
మీ దీవుల్లో ఒక లెక్కల టీచరు