గ్రహం ద్రవ్యరాశికి ముందు ‘కనీసం’ అని రాయండి

సంపాదకులకు నమస్కారం.

సుదూర నక్షత్రాల చుట్టూ తిరిగే భారీ గ్రహాల వార్తలకు మన పత్రికలు చోటివ్వడం సంతోషం. కానీ వాటి పక్కన వేసే ఎర్రటి గోళం ఫొటో కాదు, చిత్రకారుడి ఊహ. బొమ్మ కింద ఆ మాట చాలాసార్లు ఉండదు. ‘ద్రవ్యరాశి గురుగ్రహంలో సగం’ అనే వాక్యంలో ‘కనీసం’ రాలిపోతోంది. ఈ రెండింటితో వార్తే తప్పవుతుంది.

సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ దొరికిన తొలి గ్రహం 51 పెగాసీ బి. మనకు సుమారు 50 కాంతి సంవత్సరాల దూరం. 1995లో మిషెల్ మేయర్, దిదియే క్వెలో ఫ్రాన్స్‌లో 1.93 మీటర్ల టెలిస్కోపుతో కనిపెట్టారు, 2019లో నోబెల్ అందుకున్నారు. అయినా గ్రహాన్ని వాళ్లు చూడలేదు. నక్షత్రానికీ దానికీ మధ్య మనకు కనిపించే ఎడం డిగ్రీలో దాదాపు పది లక్షల్లో ఒక వంతే. ఫొటోకి చిక్కిన గ్రహాలూ లేకపోలేదు, ఉదాహరణకు 2008 నాటి హెచ్‌ఆర్ 8799 గ్రహాలు. అవీ చుక్కలే.

వాళ్లు కొలిచింది నక్షత్రం ఊగడాన్ని. గ్రహం 4.23 రోజులకో చుట్టు తిరుగుతుంటే, దాని ఆకర్షణకు నక్షత్రం సెకనుకు 56 మీటర్ల వేగంతో మనవైపు వచ్చి, అంతే వేగంతో వెనక్కి పోతుంది. దాంతో నక్షత్రకాంతిని రంగులుగా విడదీసిన వర్ణపటంలోని నల్ల గీతల తరంగదైర్ఘ్యం యాభై లక్షల్లో ఒక వంతు మారుతుంది. కెమెరా చిప్ మీద అది ఒక్క పిక్సెల్‌లో చిన్న తునక. ఒక్క గీతతో తేలదు, వేల గీతలను కలిపి లెక్కగట్టాలి. పరికరమే కాస్త కదిలినా గీతలు జరుగుతాయి కాబట్టి, నక్షత్రకాంతి ఒక ఫైబర్ తీగ గుండా వస్తుంటే, రెండో ఫైబర్ గుండా గీతల స్థానాలు ముందే తెలిసిన థోరియం-ఆర్గాన్ దీపం కాంతిని అదే సమయంలో పంపి ఆ కదలికను తీసేయాలి. ఆపైన సూర్యుడి చుట్టూ భూమి వేగం సెకనుకు 30,000 మీటర్లు. దాన్ని పొల్లుపోకుండా మినహాయిస్తేనే ఆ 56 చేతికొస్తుంది.

ఇంతా చేశాక కూడా మోసపోవచ్చు. నక్షత్రం మీది మచ్చలు తిరిగినా, దాని ఉపరితలం ఉబ్బి తగ్గినా ఇలాంటి ఊపే కనబడుతుంది. గ్రహమైతే గీత ఆకారం చెడకుండా జరుగుతుంది, మచ్చైతే గీత ఒక పక్కకు వంగుతుంది. 51 పెగాసీలో గీతల ఆకారం మారుతోందని 1997లో ఖగోళ శాస్త్రవేత్త డేవిడ్ గ్రే అభ్యంతరం చెప్పారు. మరుసటి ఏడాది కొత్త కొలతలతో, మార్పు లేదని ఆయనే ఒప్పుకున్నారు. ఈ పరీక్ష చేశారో లేదో వార్తలో ఒక్క వాక్యం ఉంటే ఎంతో మేలు.

ఇక ‘కనీసం’. కక్ష్య మనకు సరిగ్గా అంచున కనిపిస్తుంటేనే ఈ గ్రహం ద్రవ్యరాశి గురుగ్రహంలో 0.46 వంతు. కక్ష్య పళ్లెంలా పూర్తిగా మనకెదురుగా ఉండే స్థితి నుంచి 30 డిగ్రీలే వాలి ఉంటే ద్రవ్యరాశి దానికి రెట్టింపు. ఊపు ఒక్కటే ఉంటే ఆ వాలు తెలియదు. హెచ్‌డీ 209458 బి అనే మరో గ్రహం అలా కాదు. 1999లో అది తన నక్షత్రం ముందు నుంచి దాటుతూ దొరికింది. దాటే మూడు గంటలూ వెలుగు ఒకటిన్నర శాతం పైగా తగ్గుతుంది. దాటిందంటే కక్ష్య మనకు దాదాపు అంచునే ఉన్నట్టు, తగ్గిన వెలుగును బట్టి గ్రహం పరిమాణమూ తెలుస్తుంది. అందుకే దాని ద్రవ్యరాశి గురుగ్రహంలో 0.7 వంతు అనీ, సాంద్రత నీటిలో మూడో వంతే అనీ ధైర్యంగా రాయొచ్చు.

ఊహాచిత్రానికిచ్చే చోటులో సగం ఆకాశపటానికివ్వండి. కార్తీక మాసంలో రాత్రి ఎనిమిదింటికి పూర్వాభాద్ర జంట నక్షత్రాలు మన నడినెత్తి దగ్గరుంటాయి. రెండింటినీ కలిపే గీత మధ్యలో, కాస్త పడమరగా ఉన్న మసక చుక్కే 51 పెగాసీ. చీకటి ఊళ్లో మామూలు కంటికి అందుతుంది, పట్నంలో బైనాక్యులర్ కావాలి.

ఇట్లు,
ఒక ఖగోళశాస్త్ర అధ్యాపకుడు